అంగారకుడి మచ్చలు... వేంపల్లె బండలు

ఎర్రటి రాయి. దాని మీద చిరుతపులి ఒంటి మీద ఉన్నట్టు మచ్చలు. ఒక్కో మచ్చా లోపల లేత రంగు, చుట్టూ నల్లటి అంచు. రాయి పొడవు ఓ మీటరు, వెడల్పు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. మన ఊళ్ళో రచ్చబండ పక్కన పడి ఉంటే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. కానీ అది ఉన్నది అంగారకుడి మీద! అందుకే 2025 సెప్టెంబరు 10న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పత్రికలవాళ్ళను పిలిచి మరీ దాని గురించి చెప్పింది. భూమికి అవతల ఒకప్పుడు జీవం ఉండేదనడానికి ఇప్పటివరకూ దొరికిన ఆనవాళ్ళలో ఇదే గట్టిది కావచ్చని.

ఆ 'కావచ్చు'ను గట్టిగా పట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నేను శాస్త్రవేత్తను కాను. ఓ చిన్న టెలిస్కోపు, బైనాక్యులర్స్, అరడజను పాత పుస్తకాలు... ఇదీ నా సరంజామా. ఆకాశం వార్త ఏది వచ్చినా వదలకుండా చదివే అలవాటు మాత్రం ఉంది. అలా చదువుతుంటే నాకు తట్టిందేమిటంటే, ఈ మచ్చల సంగతి తేలాలంటే పైకి చూస్తే సరిపోదు. కిందికీ చూడాలి. కోట్ల ఏళ్ళనాటి సూక్ష్మజీవులు రాతి మీద ఎలాంటి సంతకం పెట్టి వెళ్తాయో భూమి మీద నేర్చుకున్నవాళ్ళే అక్కడి రాతిని చదవగలరు. అలాంటి సంతకాలున్న నేలల్లో మన కడప, కర్నూలు సీమ ఒకటి. వేంపల్లె దారిలో బస్సు కిటికీలోంచి మనం ఎన్నోసార్లు చూసి వదిలేసిన గుట్టల్లోనే అవి ఉన్నాయి.

చెరువు బురద చెప్పే రహస్యం

ముందు ఆ మచ్చల సంగతి చూద్దాం. నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో అనే బిలంలో దిగింది. బిలం అంటే చిన్న గుంట అనుకునేరు. దాని అడ్డుకొలత 45 కిలోమీటర్లు. సుమారు 350 కోట్ల ఏళ్ళ క్రితం, ఇంకా అంతకుముందూ అది ఓ చెరువు. నది వచ్చి కలిసేది, ఒండ్రు తెచ్చి పోసేది. ఆ నది పారిన లోయలోనే 2024 జులైలో రోవర్‌కు మన మచ్చల రాయి కనిపించింది. చెయావా ఫాల్స్ అని దానికి పేరు పెట్టారు. అమెరికాలోని గ్రాండ్ కేనియన్‌లో ఉన్న ఓ జలపాతం పేరది.

రోవర్ చేతికి పిక్సెల్ అనే ఎక్స్‌రే పరికరం ఉంది. ఉప్పు గింజంత చోటులో ఏ మూలకం ఎంతుందో చెప్పేస్తుంది. మచ్చల్లో అది ఇనుము, భాస్వరం, గంధకం పట్టుకుంది. వాటిని బట్టి అక్కడ వివియనైట్, గ్రైగైట్ అనే రెండు ఖనిజాలు ఉండొచ్చని తేల్చారు. మొదటిది ఇనుమూ భాస్వరమూ కలిసింది, రెండోది ఇనుమూ గంధకమూ కలిసింది. అదే రాతిలో కర్బన పదార్థం జాడ కూడా దొరికింది.

దీంట్లో విశేషమేముంది అంటారా? ఎండాకాలంలో చెరువు పూడిక తీస్తుంటే చూశారుగా. పైన ఎర్రమట్టి, కాస్త లోతుకు పోతే నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన. గాలి తగలని ఆ అడుగున సూక్ష్మజీవులు కుళ్ళిన ఆకూ అలమూ తింటూ, ఊపిరికి ఆక్సిజన్ బదులు గంధకం, ఇనుము సమ్మేళనాలను వాడుకుంటాయి. ఆ పనిలో మిగిలిపోయే చెత్తే ఆ నల్ల రంగు, ఆ వాసన. ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజాలు అక్కడ పుట్టేది అలాగే. అంగారకుడి మీద ఎండిపోయిన ఏటి బురదలోనూ అచ్చం అలాంటి వంటకమే కనిపించింది. వండినవాళ్ళు ఎవరన్నదే ప్రశ్న.

ఎందుకంటే సూక్ష్మజీవి లేకుండానూ ఆ వంట అవుతుంది. బాగా వేడి తగిలితే కావచ్చు, ఆమ్లాలు కలిస్తే కావచ్చు. ఈ రాయి అంత వేడెక్కిన గుర్తులు లేవంటున్నారు. అయినా 'జీవమే' అని ఎవరూ సంతకం పెట్టలేదు. ఏడాదికి పైగా తర్జనభర్జనలు పడి, తోటి శాస్త్రవేత్తల చేత తప్పులు వెతికించుకుని, చివరికి నేచర్ పత్రికలో అచ్చయిన మాట 'జీవ సంకేతం కాగలిగినది' అని మాత్రమే.

ఒకసారి కాలింది కాబట్టే...

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ముందో దెబ్బ తగిలింది. అంగారకుడి నుంచి ఎప్పుడో ఎగిరి వచ్చి అంటార్కిటికా మంచులో పడిన ఉల్క ఒకటి 1984లో దొరికింది. దాని బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. 1996 ఆగస్టులో నాసా శాస్త్రవేత్తలు అందులో సూక్ష్మజీవుల శిలాజాల్లాంటివి ఉన్నాయన్నారు. పురుగుల్లా సన్నగా, పొడుగ్గా ఉన్న ఆకారాల ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అప్పటి అధ్యక్షుడు క్లింటన్ వైట్‌హౌస్ పచ్చిక మీద నిలబడి మాట్లాడారు. తర్వాత ఒక్కో ఆధారానికీ జీవంతో పని లేని వివరణ దొరుకుతూ వచ్చింది. ఇవాళ ఆ ఉల్కను జీవానికి సాక్ష్యంగా ఒప్పుకునేవాళ్ళు చాలా తక్కువ.

భూమి మీద రాళ్ళ విషయంలోనూ ఇలాంటి తగువే జరిగింది. 2016లో కొందరు శాస్త్రవేత్తలు గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ళనాటి రాతిలో చిన్న చిన్న కోపుల్లాంటి ఆకారాలు చూపించి, ఇవి సూక్ష్మజీవులు కట్టినవే, భూమి మీద అతి పాత జీవం ఇదే అన్నారు. 2018లో ఎబిగెయిల్ ఆల్‌వుడ్ అనే భూవిజ్ఞాని బృందం అదే చోటికి వెళ్ళి, ఆ రాతిని మరో వైపు నుంచి చూసింది. ఒక పక్క నుంచి కోపుల్లా కనిపించినవి ఇంకో పక్క నుంచి పొడవాటి గట్లు! కోట్ల ఏళ్ళ ఒత్తిడికి మడతపడిన రాయే తప్ప, సూక్ష్మజీవులు కట్టిందనడానికి అందులో ఏమీ లేదని ఆమె తేల్చారు.

ఈ ఆల్‌వుడ్ ఎవరో తెలుసా? రోవర్ చేతికున్న ఆ పిక్సెల్ పరికరానికి సారథి ఆమే. ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ఎడారి నేలలో 340 కోట్ల ఏళ్ళకు పైబడిన రాతి దొంతరలను చదివి పేరు తెచ్చుకున్నారు. అంటే అంగారకుడి రాతిని చూడటానికి నాసా ఎంచుకున్న కళ్ళు, భూమి మీద పాత బండలను చూసి చూసి పదునెక్కిన కళ్ళే. రోవర్ బయల్దేరడానికి ముందు 2019లో అంగారక యాత్రల శాస్త్రవేత్తలు కొందరు అదే పిల్‌బరాకు వెళ్ళి, బండల మీద వంగి పాఠాలు నేర్చుకొచ్చారు.

ఆ పాఠంలోని ముఖ్యమైన ఆకారం పేరు స్ట్రోమటోలైట్. మనకు సంబంధించిన మాట ఇదే.

నాచు కట్టిన మేడలు

పేరు నోరు తిరగదు గానీ సంగతి సులువే. లోతు తక్కువగా ఉన్న సముద్రపు నీళ్ళలో, ఎండ తగిలే చోట, సూక్ష్మజీవులు జిగురు జిగురుగా ఓ చాపలా పరుచుకుంటాయి. వరి మళ్ళలో నత్రజని కోసం వేసే నీలి ఆకుపచ్చ నాచు ఉంది చూడండి, ఆ వంశమే. నీళ్ళతో వచ్చిన సన్నటి బురద ఆ జిగురుకు అంటుకుంటుంది. బురద కప్పేస్తే ఎండ అందదు కాబట్టి సూక్ష్మజీవులు పైకి పాకి కొత్త చాప వేసుకుంటాయి. దాని మీద మళ్ళీ బురద... మళ్ళీ చాప. ఇలా వేల ఏళ్ళు గడిస్తే బోర్లించిన గిన్నెల దొంతర లాంటి రాతి కట్టడం లేస్తుంది. నిలువుగా కోస్తే క్యాబేజీని రెండు చెక్కలు చేసినట్టు పొర మీద పొర.

ఇలాంటివి కట్టే సూక్ష్మజీవులు ఇప్పటికీ ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే అనే సముద్రపు పాయలో ఉప్పు మరీ ఎక్కువ. వీటిని మేసే నత్తల్లాంటివి అక్కడ బతకలేవు. కాబట్టి ఇవి హాయిగా పెరుగుతున్నాయి. మిగతా లోకంలో తినేవాళ్ళు పుట్టాక ఇవి తగ్గిపోయాయి. కానీ తినేవాళ్ళు పుట్టకముందు వందల కోట్ల ఏళ్ళు భూమి వీటిదే. ఈ వంశం వదిలిన ఊపిరితోనే సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది. మనం పీల్చే గాలికి మొదటి పెట్టుబడి వాటిదన్నమాట.

మరి నిజమైన స్ట్రోమటోలైట్‌కూ, ఊరికే మడతపడిన రాయికీ తేడా ఎలా తెలుస్తుంది? రాతిని ఎవరైనా నొక్కితే మడతలు పైకీ వస్తాయి, కిందికీ పోతాయి. సూక్ష్మజీవి మాత్రం వెలుగు వైపే పెరుగుతుంది. కాబట్టి గుబ్బలన్నీ పైకే ఉండాలి. పక్క నుంచి చూసినా, ఎదుటి నుంచి చూసినా గుబ్బ గుబ్బలాగే ఉండాలి. పై నుంచి చూస్తే గుండ్రటి వలయాలు కనపడాలి. గ్రీన్‌లాండ్ రాయి తప్పింది ఈ పరీక్షలోనే. మన వేంపల్లె రాయి ఇందులో ఏళ్ళ కిందటే పాసయింది!

బస్టాండు పేర్లే భూమి చరిత్ర

ఉపగ్రహం తీసిన ఆంధ్రప్రదేశ్ చిత్రం ఎప్పుడైనా చూడండి. నల్లమలను వీపున వేసుకుని, నెలవంక ఆకారంలో ఓ పెద్ద మచ్చ కనిపిస్తుంది. పొడవు 440 కిలోమీటర్ల దాకా. శాస్త్రవేత్తలు దాన్ని కడప బేసిన్ అంటారు. ఒకప్పుడు అది సముద్రం. నీళ్ళ గుక్క కోసం బోరు మీద బోరు వేసే సీమ ఒకనాడు సముద్రమంటే నవ్వొస్తుంది గానీ, రాళ్ళు అబద్ధం చెప్పవు.

విలియం కింగ్ అనే భూవిజ్ఞాని ఈ కొండలన్నీ తిరిగి, 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద ఓ పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఈ పొరలకున్న పేర్లు వింటే కండక్టరు బస్టాండులో కేకేస్తున్నట్టు ఉంటుంది. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల! అన్నిటికంటే అడుగునున్న పొర పేరు గుల్చేరు. అంటే మన గువ్వలచెరువే. పాలకోవా కోసం ఘాటు మీద బస్సు ఆగినప్పుడు కాళ్ళ కింద ఉన్నది కడప సముద్రపు తొలి తీరం ఇసుక, గట్టిపడి రాయయింది. దాని మీది పొర వేంపల్లె. మన స్ట్రోమటోలైట్లు ఉన్నది అందులోనే. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నదీ ఈ పొరలోంచే.

దీని వయసు ఎలా తెలిసింది? గోడ కట్టాకే కదా మేకు దిగేది! ఈ పొరలు ఏర్పడ్డాక, భూమి లోపలి నుంచి కరిగిన రాయి వాటి మధ్యకు చొచ్చుకొచ్చి నల్లటి పట్టీల్లా గడ్డకట్టింది. పులివెందుల దగ్గర అలాంటి పట్టీ ఒకదానిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి, దాని వయసు 188 కోట్ల ఏళ్ళని లెక్కగట్టారు. మేకు వయసే అంతయితే కింద ఉన్న గోడ ఇంకా పెద్దది. (ఆ వేడి రాయి డోలమైట్‌కు తగిలిన చోట్లే పులివెందుల రాతినార పుట్టింది. అది వేరే కథ.) కాబట్టి వేంపల్లె స్ట్రోమటోలైట్లకు 190 కోట్ల ఏళ్ళు ఖాయంగా అనుకోవచ్చు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు. నేల మీద గడ్డిపరక లేదు. ఎండ, ఉప్పునీళ్ళు, నాచు చాపలు... అంతే.

రోజు కూడా ఇప్పటంత లేదు. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరం జరుగుతున్నాడు. ఆ లాగుడులో భూమి తిరుగుడు నెమ్మదిస్తోంది. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే, 200 కోట్ల నుంచి 100 కోట్ల ఏళ్ళ కిందటి వరకూ రోజుకు దాదాపు 19 గంటలే ఉండేవని 2023లో వచ్చిన ఓ అధ్యయనం చెప్పింది. చంద్రుడు దూరం జరిగే లెక్క ఎక్కడిదంటారా? అపోలో యాత్రికులు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలిచి చెప్పిందే. మన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన అలాంటి చిన్న అద్దాల పరికరం ఉంది. 2023 డిసెంబరు 12న చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక లేజర్ కొడితే అది ఠంచనుగా వెలుగు తిరిగి పంపింది. కడప సముద్రం మీద సూర్యుడు ఉదయం లేచి, తొమ్మిదిన్నర గంటలకే అస్తమించేవాడని ఊహించుకుంటే ఆ బండల్ని చూసే చూపే మారిపోతుంది.

కరువు చేసిన మేలు

వానలు దండిగా పడే సీమలో ఇలాంటి రాళ్ళుంటే వాటిని మట్టీ అడవీ కప్పేసేవి. పిల్‌బరాను ఎందుకు చదవగలిగారు? ఎండు నేల కాబట్టి. అంగారకుడిని ఆకాశం నుంచే ఎందుకు చదవగలుగుతున్నాం? అక్కడ చెట్టూ చేమా లేవు కాబట్టి. మన దగ్గరా అంతే. కరువు మనకు చేసిన మేలు ఏదైనా ఉందీ అంటే, ఈ రాతి పుస్తకాన్ని తెరిచి పెట్టడమే. ఆ ఒక్క మేలు కోసం కరువు రావాలని నేను కోరుకోవడం లేదులెండి.

వేంపల్లె, వేముల, పులివెందుల వైపు గుట్టల్లో, ఇటు డోన్, బేతంచెర్ల ప్రాంతాల్లో ఈ డోలమైట్ పొర పైకి తేలి ఉంటుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. బూడిద రంగు రాయి, పై చర్మం ముడతలు పడి ఏనుగు తోలులా ఉంటుంది. మధ్యలో గట్టి చెకుముకి చారలు ఉబ్బెత్తుగా తేలి ఉంటాయి, ఎందుకంటే మెత్తటి డోలమైట్ కరిగిపోయినా అవి కరగవు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పోతే ఏమీ కనపడదు. సాయంత్రం ఏటవాలు వెలుగులో వెళ్ళండి, లేదా ఓ వాన పడ్డాక వెళ్ళండి. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి రాయి మీద పోసినా చాలు, పొరలన్నీ తేలి కనిపిస్తాయి. కొన్ని గుబ్బలు పిడికిలంత ఉంటాయి, కొన్ని గంపంత. పిల్లలను తీసుకెళితే ముందు వాళ్ళకే కనపడతాయి. సుత్తి మాత్రం తీసుకెళ్ళొద్దు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుని, పక్కన కొలత కోసం ఓ రూపాయి బిళ్ళ పెట్టుకుంటే చాలు.

ఇంకో మాట. ఈ వ్యాసం చదివి వంటింటి గట్టు మీది నల్ల కడప బండలో నాచు మేడల కోసం వెతకొద్దు. అది నాపరాయి. కర్నూలు పొరల్లోది, వేంపల్లె రాయి కంటే చాలా చిన్నది. బెలుం గుహలు తొలుచుకున్నది, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకైనది ఆ సున్నపురాయే. దాని గొప్ప దానిదే గానీ మనం వెతుకుతున్నది అది కాదు.

కాపలా లేని పుస్తకం

రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ దగ్గర భోజుండా, ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా అనే ఊళ్ళున్నాయి. అక్కడి స్ట్రోమటోలైట్లను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా ప్రకటించింది. సిక్కింలోని మామ్లే రాళ్ళకూ ఆ గౌరవం దక్కింది. మన వైపు నుంచి తిరుమల కొండ శిలాతోరణానికి దక్కింది, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయికి దక్కింది. వేంపల్లె స్ట్రోమటోలైట్ల దగ్గర మాత్రం నేను తిరిగిన చోట్ల ఒక్క బోర్డు కూడా చూడలేదు. భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులు అధ్యాపకుల వెంట వచ్చి చూసి వెళ్తుంటారు. రోజూ ఆ దారిన పోయే ఊరివాళ్ళకు ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

అక్కడి రాయి విలువ తెలియకపోతే అది కంకర అవుతుంది. రోడ్డుకూ కావాలి, ఇంటి పునాదికీ కావాలి. వాటిని తప్పు పట్టడానికి లేదు. బతుకుతెరువు లేని చోట రాయి కొట్టుకునేవాణ్ణి ఆపమని నేను అనలేను. కొండంతా కాపాడమనీ అనడం లేదు. బాగా కనపడే రెండు మూడు బండల చుట్టూ కంచె, తెలుగులో ఓ బోర్డు... ఇవి పెట్టడానికి రాకెట్ ఖర్చు అవసరం లేదు. బెలుం గుహల్ని చూడండి. 1980ల్లో జర్మనీ బృందం లోపలికి వెళ్ళి పటం గీసిన కాలంలోనూ అవి చుట్టుపక్కల వాళ్ళకు చెత్త పారేసే చోటే. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూస్తున్నాం.

రాకెట్ ఖర్చు అన్నాను గనక, అంగారకుడి మీద ఆగిపోయిన సంగతీ చెప్పాలి. మచ్చల రాయిలోంచి రోవర్ ఓ చిన్న ముక్క తొలిచి గొట్టంలో భద్రం చేసింది. ఆ నమూనా పేరు సఫైర్ కేనియన్. అది సూక్ష్మజీవుల పనో కాదో రోవర్ పరికరాలు తేల్చలేవు. భూమి మీది ప్రయోగశాలలే తేల్చాలి. కానీ దాన్ని తెచ్చేదెవరు? నమూనాలు తెచ్చే పథకానికి 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, 2040 దాకా పడుతుందని 2024లో లెక్క తేలింది. మన రూపాయల్లో దాదాపు లక్ష కోట్లు. అంత ఖర్చు, అంత ఆలస్యం కుదరదని నాసా అప్పుడే చెప్పేసింది. 2025లో వైట్‌హౌస్ తన బడ్జెట్ ప్రతిపాదనలో ఆ పథకాన్ని రద్దు చేయాలంది. మరోపక్క చైనా తియాన్‌వెన్-3 అనే నౌకను 2028 ప్రాంతంలో పంపి, 2031 నాటికి వేరే చోటి నుంచి అంగారకుడి మట్టి తెస్తానంటోంది. మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 450 కోట్ల రూపాయల ఖర్చుతో అంగారకుడి కక్ష్యలోకి చేరి, ఆరు నెలలకని వెళ్ళి ఎనిమిదేళ్ళ వరకూ బతికింది. కానీ అది చుట్టూ తిరిగింది తప్ప నేల మీద దిగలేదు, దిగడానికి చేసింది కూడా కాదు.

చూశారా, రెండు చోట్లా ఒకటే ఇబ్బంది. అక్కడి రాయి గొట్టంలో భద్రంగా ఉంది, తెచ్చేవాళ్ళు లేరు. ఇక్కడి రాయి చేతికి అందేంత దగ్గర ఉంది, భద్రం లేదు.

చంద్రుడంత కాదు గానీ...

వేంపల్లె బండలు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చీకటి పడేదాకా ఆగితే ఇంకో లాభం. పట్నం దీపాల వెలుగు లేని చోట ఆకాశం నల్లగా ఉంటుంది. అంగారకుడు సుమారు 26 నెలలకోసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, మనకు దగ్గరగా వస్తాడు. 2027 ఫిబ్రవరి 19న అలాంటి రోజు. పొద్దుగూకే వేళకు తూర్పున లేచి, తెల్లవార్లూ ఉంటాడు. మఖ నక్షత్రం పక్కనే ఎర్రగా, మినుకు మినుకుమనకుండా నిలకడగా వెలిగేది అతనే. ఆ తర్వాత 2029 మార్చిలో మళ్ళీ.

ఏటా ఆగస్టు వచ్చిందంటే 'ఈ రాత్రి అంగారకుడు చంద్రుడంత కనపడతాడు' అని సెల్‌ఫోన్లలో ఓ సందేశం తిరుగుతుంది. నమ్మకండి. 2003 ఆగస్టు 27న అంగారకుడు దాదాపు అరవై వేల ఏళ్ళలో ఎన్నడూ లేనంత దగ్గరికి, సుమారు 5.6 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దది చేసే టెలిస్కోపులో చూస్తే మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత కనపడతాడని అప్పుడెవరో రాశారు. టెలిస్కోపు ముక్క ఎక్కడో రాలిపోయింది, చంద్రుడు మాత్రం మిగిలాడు. 2027లో దూరం పది కోట్ల కిలోమీటర్లు. కంటికి చుక్కగానే కనపడతాడు. ఓ మోస్తరు టెలిస్కోపుంటే ఎర్రటి చిన్న బిళ్ళ, గాలి నిలకడగా ఉంటే దాని అంచున తెల్లటి ధ్రువపు మంచు చూడొచ్చు.

ఆ బిళ్ళ మీద మన సీమ పేరూ ఒకటుంది. అంగారకుడి చిన్న బిలాలకు భూమి మీది చిన్న ఊళ్ళ పేర్లు పెట్టే ఆనవాయితీలో, అనంతపురం జిల్లా రాయదుర్గం పేరు ఓ బిలానికి దక్కింది. అది మన టెలిస్కోపుల్లో కనపడదు. నాసా, ఇతర సంస్థలు ఇంటర్నెట్‌లో పెట్టిన అంగారకుడి పటంలో వెతుక్కోవాలి.